ముందు నీళ్ళు

నేను ఒక పెళ్ళి పేరు మోస్తున్న స్టీలు గ్లాసుని. నా అంచు కింద "చి.సౌ. పద్మజ వివాహ జ్ఞాపకార్థం, బుర్రా వీరభద్రం" అని చెక్కి ఉంటుంది. ఆ పెళ్ళి నేను చూడలేదు. నేను పుట్టేనాటికే పద్మజకు ఇద్దరు పిల్లలు, పెద్దవాడు బడికి కూడా పోతున్నాడు. మరి ఆ పెళ్ళి అంత ఆలస్యంగా ఎందుకు జ్ఞాపకం వచ్చిందంటారా? వాళ్ళ నాన్న వీరభద్రం మున్సిపల్ ఎన్నికల్లో తన భార్యను నిలబెట్టాడు. ఓటు కోసం గ్లాసు పంచితే కేసు పెడతారు. కూతురి పెళ్ళి పేరు చెప్పి పంచితే ఎవరు పెడతారు?

అంతకు ముందు సంగతి పెద్దగా ఏమీ లేదు. ఎక్కడో ఒక షెడ్డులో రేకును గుండ్రంగా కోశారు, అచ్చులో పెట్టి ఒత్తారు, తిరిగే చక్రానికి అదిమిపట్టి మెరుపు తెచ్చారు. ఆ మెరుపులో మొదట చూసుకున్న మొహం పాత్రల కొట్లో పేర్లు చెక్కేవాడిది. గుర్రుమనే మిషను పట్టుకుని నాలాంటి వాళ్ళ మీద వరసగా పద్మజ పెళ్ళి రాస్తూ, "ఈ అమ్మాయికి ఎన్నిసార్లయ్యా పెళ్ళి?" అని నవ్వాడు.

అలా ఒక సాయంత్రం సంచిలో పడి తాటాకుల వీధికి చేరాను. కాలువ ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో అది పాత వీధి. తాటాకు ఇల్లు ఒక్కటీ మిగల్లేదు కానీ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. వీధి మధ్యలో మున్సిపాలిటీ కుళాయి, దానికి ఎదురుగా సూరమ్మ ఇల్లు. వీరభద్రం మనుషులు నన్ను ఆమె చేతిలో పెట్టి దణ్ణం పెట్టారు. సూరమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, గోటితో కొట్టి చప్పుడు విని, "మందంగానే ఉంది. పెళ్ళికూతురు చల్లగా ఉండాలి నాయనా," అని దీవించి పంపింది. పోలింగు రోజున పోయి నాంచారమ్మకు ఓటేసింది.

నాంచారమ్మ ఎవరో చెప్పాలి. వీధి మొగలో పిండిమర నడిపే మనిషి. పొద్దుగూకేసరికి కనుబొమల మీద, చెవుల వెనక తెల్లగా పిండి పట్టి ఉండేది. గొంతు మర చప్పుడును మించి వినిపించేది. ఆమె, సూరమ్మ ఏళ్ళ తరబడి ఆ కుళాయి దగ్గరే బిందెల వరసలో నిలబడ్డవాళ్ళు. వరస తప్పిందని ఒకసారి జుట్లు పట్టుకోబోయారట, ఆ సాయంత్రమే ఒకరి ఇంట్లో పులుసు ఇంకొకరి ఇంటికి పోయిందట. సూరమ్మ పెద్దది కనుక ఆమెను "నాంచారూ" అనేది. ఆమె సూరమ్మను "అక్కా" అనేది.

వార్డు మహిళలకు కేటాయించడంతో, గొంతున్న మనిషి కదా అని వీధి వాళ్ళే ఆమెను నిలబెట్టారు. గెలిచింది. గెలిచిన రాత్రి ఆమె భర్త, "నీకెందుకే ఈ తిరుగుళ్ళు, మీటింగులకి నేను పోతాలే, నువ్వు సంతకాలు పెట్టు," అన్నాడట. అలాంటి మాట అనేవాళ్ళు మన ఊళ్ళలో కొల్లలు, వినేవాళ్ళూ కొల్లలు. నాంచారమ్మ వినలేదు. "ఓటు నాకేశారు. నువ్వు మర చూసుకో," అంది.

మర్నాడు పొద్దున్నే కుళాయి దగ్గరికి వచ్చింది. ముందురోజు మెడలో వేసిన దండ తాలూకు బంతిరేకు ఒకటి జాకెట్టుకు అంటుకునే ఉంది. బిందెల వరస ముందు నిలబడి అందరికీ వినిపించేలా చెప్పింది.

"ఇంతకు ముందాయన ఈ పంపు మొహం చూసిన పాపాన పోలేదు. నేనట్టా చెయ్యను. రోజూ పొద్దున్నే ఈ నీళ్ళు నేను తాగినాకే మీరు తాగండి. బాగాలేకపోతే ముందు నాకే తెలుస్తది. తెలిసినాక ఊరుకుంటానా?"

వీధి అంతా మురిసిపోయింది. సూరమ్మ అందరికంటే ఎక్కువ మురిసింది. గబగబా ఇంట్లోకి వచ్చి, గూట్లో ఉన్న నన్ను తీసి, చింతపండు పెట్టి తోమి, పైట చెంగుతో తుడిచింది. ఓడిపోయిన వాళ్ళ పేరున్న గ్లాసుతో గెలిచిన మనిషికి నీళ్ళివ్వడం ఏమిటన్న ఆలోచన ఆమెకు రాలేదు. నాంచారమ్మ మాత్రం నా అంచు మీది అక్షరాలు చదివి పకపకా నవ్వింది. "వీరభద్రం గారి సొమ్ము ఇన్నాళ్ళకి వార్డు పనికొచ్చింది," అంది. ఆ రోజు నుంచి నా చోటు గూడు కాదు, కుళాయి వైపు తెరుచుకునే కిటికీ.

ఇక్కడే అసలు సంగతి ఉంది.

కుళాయి వదలగానే ముందు కాసేపు వచ్చే నీళ్ళు ఎవరూ తాగరు. రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్ళు అవి. తుప్పు రంగులో, గాలితో కలిసి బుసబుసమంటూ వస్తాయి. వాటిని "ముందు నీళ్ళు" అంటారు. ఆ వీధిలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. సూరమ్మ ఏం చేసిందంటే, తన బిందెను అందరికంటే ముందు పెట్టడం మొదలుపెట్టింది. ముందు నీళ్ళు తన బిందెలో పట్టేది. ధార తేటపడ్డాక నన్ను కడిగి, నింపి, రెండు చేతులతో నాంచారమ్మకు అందించేది. ఆమె తల ఎత్తి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకుని, "బాగున్నాయి, పట్టుకోండి," అనేది. అప్పుడు మిగతా బిందెలు కదిలేవి. ఊరికే వదిలేస్తే నీళ్ళు వృథా అని తిడతారు. తన బిందెలో పడితే ఎవరూ ఏమీ అనరు. కానీ బిందె నిండింది కనుక ఆమె వంతు అయిపోయినట్టే లెక్క. తేటనీళ్ళు వచ్చేసరికి సూరమ్మ ఇంటికి వెళ్ళిపోయేది.

నాంచారమ్మ కౌన్సిలర్ అయ్యాక సూరమ్మ నోట "నాంచారూ" పోయి "అమ్మగారూ" వచ్చింది. "అక్కా, నన్నట్టా పిలవమాకు, సిగ్గేస్తంది," అని ఆమె ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు. మనుషులు తమలో ఒకరిని కుర్చీ ఎక్కించగానే ఆ మనిషి నాలుక కూడా మారిపోయిందనుకుంటారు. నిన్నటిదాకా ఏ నీళ్ళు తాగిందో ఆ నీళ్ళు ఇవాళ ఇవ్వడానికి వాళ్ళకు చేయి రాదు.

నాంచారమ్మ పని చేయలేదని మాత్రం నేను అనను. అంటే అన్యాయం అవుతుంది. తాగిన తర్వాత వీధి చివరిదాకా నడిచేది. సైడు కాలవలో పూడిక తీశారా లేదా అని వంగి చూసేది. చెత్త ట్రాక్టరు రాకపోతే ట్రాక్టరు డ్రైవరు ఇంటికే పోయి అరుగు మీద కూర్చునేది. స్తంభం మీద దీపం వెలగకపోతే, వెలిగేదాకా మున్సిపల్ ఆఫీసులో వాళ్ళు ఆమె గొంతు వినాల్సిందే. "పిండిమర వచ్చింది," అని గుమాస్తాలు గుసగుసలాడుకునేవారట. ఆ మాట ఆమెకు తెలుసు. తెలిసి గర్వపడేది.

ఒక వానాకాలం వెళ్ళాక నీళ్ళు మారాయి.

నీళ్ళు మారిన సంగతి ఆ వీధిలో నాకంటే ముందు ఎవరికీ తెలియదు. మా గొట్టం సైడు కాలవ అడుగున పోతుంది. ఎక్కడో పగిలింది. కుళాయి కట్టేసి ఉన్నంతసేపు కాలవలోని మురుగు మెల్లగా అందులోకి ఊరేది. వదలగానే ఆ మురుగంతా ముందు నీళ్ళలో వచ్చేసేది. తర్వాత వచ్చే ధార తేటగానే ఉండేది. నన్ను కడిగేటప్పుడు ఒక్కోసారి ముందు నీళ్ళ చుక్కలు నా మీద పడేవి. అది తుప్పు వాసన కాదు.

సూరమ్మ కోడలు వరాలు ఒకరోజు బిందె దించుతూ మొహం చిట్లించింది. "అత్తా, ముందు నీళ్ళు కంపు కొడతన్నాయి. అమ్మగారికి చెప్పరాదూ?"

"ముందు నీళ్ళు ఎప్పుడు బాగున్నాయే? పటిక తిప్పితే తేరుకుంటాయి."

"తుప్పు వాసన వేరత్తా, ఇది వేరు."

"అయితే ఏం జెయ్యమంటావ్? పొద్దున్నే పరగడుపున వచ్చే మనిషి చేత కంపు నీళ్ళు తాగించమంటావా?" అని సూరమ్మ కసిరింది. కసిరి, బిందెలో పటిక ముక్క గిరగిరా తిప్పి, పాత పంచె గుడ్డలో వడగట్టింది. వరాలూ, ఆమె మొగుడూ పగలంతా రైసుమిల్లులో పని చేసేవాళ్ళు, అక్కడి నీళ్ళే తాగేవాళ్ళు. ఇంట్లో ఉండి ఆ బిందె నీళ్ళు తాగేది సూరమ్మ ఒక్కతే.

ఉగాదికి ముందు కౌన్సిలు మీటింగు జరిగింది. మర్నాడు పొద్దున నాంచారమ్మ నన్ను చేత్తో పట్టుకునే ఆ సంగతి చెప్పింది. పాత గొట్టాలు మార్చడానికి డబ్బొచ్చిందట, ఒక వార్డుకే సరిపోతుందట. మీ వార్డు గొట్టం కాలవ కింద ఉంది, మారుద్దామా అని ఇంజనీరు అడిగాడట.

"నేను లేచి చెప్పానక్కా, మా వార్డు నీళ్ళు రోజూ నేనే తాగుతున్నా, వంక పెట్టేదేం లేదు, గొట్టాలు ఎవరికి కావాలో వాళ్ళకియ్యండి, మా వెనక సందుకి దీపాలియ్యండి అని. ఆడపిల్లలు ట్యూషన్ల నుంచి చీకట్లో వస్తున్నారు గదా. అందరూ బల్లలు చరిచారు."

సూరమ్మ కళ్ళు మెరిశాయి. "మా అమ్మగారు మాట్టాడితే మాటలా!" అంది. ఆమె పక్కన, కాలి దగ్గర, ఆ రోజు ముందు నీళ్ళతో నిండిన బిందె ఉంది. మూత పెట్టి ఉంది. నాకు నోరుంటే అప్పుడు అరిచేవాణ్ణి. నాకు అంచు ఉంది గానీ నోరు లేదు.

వెనక సందులో దీపాలు వెలిగాయి. నిజంగానే బాగా వెలిగాయి.

ఎండాకాలం ముదిరాక సూరమ్మకు కడుపులో నొప్పులు మొదలయ్యాయి. వేడి చేసిందన్నారు. మామిడిపళ్ళు పడలేదన్నారు. మజ్జిగలో మెంతులు వేసుకుని తాగింది, ఆ మజ్జిగ చిలికిందీ ఆ నీళ్ళతోనే. నీరసంగా ఉన్నా పొద్దున్నే గోడ పట్టుకుని వచ్చి బిందె పెట్టేది, నన్ను నింపేది. ఒకరోజు తెల్లవారేసరికి లేవలేకపోయింది. వాంతులు, విరేచనాలు ఆగలేదు. కళ్ళు లోపలికి పోయాయి. కొడుకూ కోడలూ ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఆ తర్వాత కాసేపటికే నాంచారమ్మ వచ్చింది. సంగతి విని గుండె మీద చెయ్యి వేసుకుంది. "నీళ్ళు తాగేసి వెంటనే ఆసుపత్రికి పోతా," అంది. కిటికీలోంచి నన్ను తనే తీసుకుంది. ఇంతలో కుళాయి బుసమంది. సూరమ్మ బిందె అక్కడ లేదు. నాంచారమ్మ నన్ను ధార కింద పెట్టింది.

ముందు నీళ్ళు నాలో నిండాయి.

ఆమె తల ఎత్తింది, నన్ను పైకెత్తింది, అలాగే ఆగిపోయింది. నన్ను కిందికి దించి లోపలికి చూసింది. వాసన చూసింది. పైట ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందే ఇది? ఇయ్యాలే వచ్చిందా ఇట్టా?"

వరసలో ఒకామె మెల్లగా అంది. "ముందు నీళ్ళు గదమ్మా. వానలు పోయినకాడ నుంచి ఇట్టాగే ఉంటన్నాయి. మీకని సూరమ్మత్త అయ్యి పోనిచ్చి పట్టేది."

"పోనిచ్చిన నీళ్ళు ఏం జేసేది?"

"బిందెలో పట్టుకుని ఇంటికి తీసుకుపోయేది. ఆమె వంతు అవేగదమ్మా."

ముందు నీళ్ళ సంగతి నాంచారమ్మకు తెలియనిదా? ఏళ్ళ తరబడి ఆ వరసలో నిలబడి తనూ ముందు నీళ్ళు వదిలిన మనిషే. చేతికందిన గ్లాసులో ఉన్నవి ఏ నీళ్ళో అడగాలని ఒక్క పొద్దున కూడా తోచలేదు. నీళ్ళు తొణికి ఆమె వేళ్ళ మీద పడ్డాయి.

నా మీద అరచెయ్యి మూత పెట్టుకుని, ఆ నీళ్ళతో సహా మున్సిపల్ ఆఫీసుకు నడిచింది. ఇంజనీరు బల్ల మీద, కాగితాల పక్కన, నన్ను పెట్టింది. "వాసన చూడండి," అంది.

ఆయన చూశాడు. వెనక్కి జరిగాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట అనేముందు నీళ్ళు నమిలాడు కూడా. "అమ్మా, ఉగాది ముందు మీటింగులో... మేము మారుస్తామంటే తమరే వద్దన్నారు గదండీ."

పిండిమర అని పేరుబడ్డ గొంతు ఆ గదిలో లేవలేదు. "అవునండీ. నేనే," అంది. "ఇప్పుడు మార్చండి."

ఆ గదిలోనే మూలనున్న తాగునీళ్ళ డబ్బా దగ్గరికి వెళ్ళి నన్ను కడిగింది. ఎంతసేపు కడిగిందో. మంచినీళ్ళు నింపుకుని, ఆటో ఎక్కి ఆసుపత్రికి వచ్చింది.

సూరమ్మ మంచంలో ఒక పక్కకు ఒరిగి ఉంది. చేతికి సెలైను. పెదవులు ఎండి పగిలాయి. డాక్టరమ్మ వరాలుతో అంటున్న మాటలు నాకు వినపడ్డాయి. ఆలస్యమైందట, పెద్ద వయసట, మూత్రపిండాలు దెబ్బతిన్నాయట. నాంచారమ్మ మంచం పట్టె మీద కూర్చుని, నాలో చెంచా ముంచి, సూరమ్మ పెదవులు తడిపింది.

సూరమ్మ కళ్ళు తెరిచింది. "నీళ్ళు వదిలారా?"

"వదిలారక్కా."

"తాగావా?"

"తాగా."

"బాగున్నయ్యా?"

నాంచారమ్మ ఇంకో చెంచా నీళ్ళు ఆమె పెదవులకు అందించింది. "బాగున్నయ్యక్కా," అంది.

సూరమ్మ తృప్తిగా కళ్ళు మూసుకుంది. మళ్ళీ ఏదో గుర్తొచ్చి తెరిచింది. "ముందు నీళ్ళు పోనిచ్చారా లేదా? చూసుకో నాంచారూ. పరగడుపునే వస్తావు."

ఎన్నికల తర్వాత ఆమె నాంచారూ అని పిలవడం అదే మొదలు. అదే చివర. తెల్లవారుతుండగా ప్రాణం పోయింది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. ఒక మనిషి పోయాక పనులు అలాగే జరుగుతాయి. వీధిని తవ్వారు, కాలవ కింది గొట్టం తీసి పారేసి, కొత్తది కాలవకు దూరంగా, లోతుగా వేశారు. పగిలిన పాత ముక్కను బయటికి తీసినప్పుడు నాంచారమ్మ దాని దగ్గరికి వెళ్ళి, ఆ పగులులో వేలు పెట్టి చూసింది. వీధిలో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. "మీరేం జేస్తారమ్మా, దాని ఆయుష్షు అంతే," అన్నారు. తిడితే కాస్త తేలికపడేదేమో. ఎవరూ తిట్టలేదు. వరాలు కూడా తిట్టలేదు, నన్ను తీసుకొచ్చి కిటికీలో కాకుండా లోపల గూట్లో, అత్త పటం పక్కన పెట్టేసింది.

నాంచారమ్మ రాక మానలేదు. ఇప్పుడు నీళ్ళు వదిలేముందే వచ్చి నిలబడుతుంది. ఎవరైనా చెంబో గ్లాసో అందించబోతే "వద్దు" అంటుంది. బుసమనగానే దోసిలి పట్టి ఆ మొదటి నీళ్ళే తాగుతుంది. ఆ తర్వాత వార్డులో మిగతా కుళాయిల దగ్గరికి పోతుంది. గూట్లోంచి నాకు ఆమె కనపడదు, గొంతు వినపడుతుంది. మునుపటంత పెద్దగా ఉండదు.

నిన్న సూరమ్మ సంవత్సరీకం. వరాలు అత్తకు ఇష్టమని గోంగూర పచ్చడి, గారెలు చేసింది. పటానికి బంతిపూల దండ వేసింది. విస్తరి ముందు నీళ్ళు పెట్టడానికి నన్ను తీయబోతుంటే గుమ్మంలో నాంచారమ్మ నిలబడి ఉంది.

"నేను పట్టుకొస్తా. ఇయ్యి," అంది.

నన్ను తీసుకుని కుళాయి దగ్గరికి నడిచింది. ఏడాది తర్వాత నేను ఆ ఎండ చూశాను. బిందెల వరస పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చింది. కుళాయి బుసమంది. ఆమె నన్ను పక్కన గట్టు మీద పెట్టి, ముందు నీళ్ళు దోసిలి పట్టింది. అవి మంచివే. కొత్త గొట్టం కదా, కాస్త ఇనుప వాసన అంతే. అయినా ఒక్క చుక్క కింద పోకుండా మొత్తం తాగింది. కళ్ళనీళ్ళు కూడా ఆ దోసిట్లోనే పడ్డాయి, వాటితో సహా తాగింది.

ధార తేటపడింది. అప్పుడు నన్ను కడిగి, పైట చెంగుతో తుడిచి, అంచు దాకా నింపింది. రెండు చేతులతో పట్టుకుని ఇంట్లోకి తెచ్చి సూరమ్మ పటం ముందు పెట్టింది.

"పోనిచ్చే పట్టానక్కా," అంది. "తాగు."